మే నెలలో నిండు కాలవ

పెళ్ళీడు పిల్లకి బొమ్మల పుస్తకాలేమిటని మా అమ్మ జ్ఞానమ్మ ఎంత సణిగినా నేను ‘నీలిమెరుపు’ చదవడం మానలేదు. నెలకో పుస్తకం, రాజమండ్రిలో అచ్చయ్యేది. వరద అనే కరెంటు లైన్‌మాన్ స్తంభం మీద ఉండగా పిడుగు పడుతుంది. చచ్చిపోవలసినవాడు నీలిమెరుపై దిగుతాడు. కాళ్ళు నీళ్ళలో ఉన్నంతసేపే వాడికి శక్తి. పొడినేల మీద వాడూ మనలాంటివాడే. కాలవలూ, వాటినుంచి పొలాలకి పారే బోదెలూ తప్ప మరేమీ లేని మా గోదావరి జిల్లాకి ఇంతకంటే తగిన వీరుడు దొరకడని నా గట్టి నమ్మకం. బి.కాం. అయిపోయి బ్యాంకు పరీక్షలకు కూర్చున్న రోజుల్లో కూడా, ధవళేశ్వరం బస్టాండు పక్కనున్న బడ్డీలో కొత్త సంచిక వేలాడిందంటే నా చదువు అక్కడితో సరి.

చదివి ఊరుకునే రకాన్ని కూడా కాదు. సంచిక రాగానే తప్పులు ఏరి ఉత్తరం రాసేదాన్ని. ‘పిడుగులు’ అనే పాఠకుల పేజీలో ‘కె. వినీల, ధవళేశ్వరం’ అన్న పేరు మూడేళ్ళలో ఇరవైసార్లకు పైగా పడింది. పొగిడిన ఉత్తరాలు వాటిలో రెండో మూడో ఉంటాయి.

తొంభై తొమ్మిది మార్చి సంచిక చూడగానే నాకు అనుమానం వచ్చింది. కారణం ఒక్కటే. బొమ్మలు బాగున్నాయి.

బొమ్మలు వేసే బుల్లియ్య గారి చెయ్యి నాకు కంఠతా వచ్చు. ఆయన పిడికిలి వేస్తే గుత్తివంకాయలా ఉండేది. ఆడవాళ్ళందరికీ ఒకటే మొహం, జడని బట్టి పోల్చుకోవాలి. అయితే మెరుపు గియ్యడంలో మాత్రం ఆయనకు సాటి లేరు. పేజీ తిప్పిన మనిషి కళ్ళు చికిలించవలసిందే. మార్చి సంచికలో పిడికిలికి వేళ్ళొచ్చాయి. వరద వాళ్ళమ్మ నిజమైన ఆడమనిషిలా చెంగు నడుములో దోపుకుంది. ఊదితే ఇనుము తుప్పుపట్టే తుప్పురాయుడు అనే విలన్ మొదటిసారి నన్ను భయపెట్టాడు. మెరుపు మాత్రం సన్నగా, పిరికిగా ఉంది. అట్ట లోపల చూస్తే ‘బొమ్మలు: బుల్లియ్య’ అనే ఉంది.

“ఇది వేసింది ఆయన కాదు వదినా” అన్నాను, అన్నం తింటూ పుస్తకం పళ్ళెం పక్కన పెట్టుకుని.

మా వదిన సలోమి. అన్నయ్య రమేష్ బాబుకి అంతకుముందు నవంబరులోనే పెళ్ళయింది. అన్నయ్య కాకినాడ అవతల రొయ్యపిల్లల హేచరీలో టెక్నీషియను, శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. వారమంతా వదిన మాతోనే. జంగారెడ్డిగూడెం దగ్గర, కాలవల్లేని మెట్ట పల్లెటూరు వాళ్ళది. ఎక్కువ మాట్లాడేది కాదు.

“ఎట్టా తెలుస్తుంది వినీలా? పేరు ఆయనదే ఉంది కదా” అంది.

“పేరుదేముంది? రాతని పోల్చినట్టే గీతనీ పోల్చచ్చు. పాఠకుల్ని వెర్రిపప్పల్ని చేస్తున్నారు. నేను పట్టుకుంటాను చూడు.”

వదిన నేను అడక్కుండానే నా పళ్ళెంలో ఇంకో గరిటెడు పులుసు వేసింది.

ఆ మధ్యాహ్నమే ఉత్తరం రాశాను. “కొత్త చేతికి మెరుపంటే భయంలా ఉంది. తెల్లగీత గీసినంత మాత్రాన మెరుపు కాదు. చుట్టూ నలుపు దట్టంగా వేస్తే తెలుపు దానంతటదే కొడుతుంది. బుల్లియ్య గారిని అడిగి తెలుసుకోండి” అని ముగించాను. ఉత్తరం అచ్చు కాలేదు. కానీ ఏప్రిల్ సంచికలో మెరుపు చుట్టూ చిక్కటి నలుపు ఉంది. నా అనుమానం రెట్టింపైంది. బుల్లియ్య గారు మూడేళ్ళలో నా మాట ఒక్కటంటే ఒక్కటి విన్న పాపాన పోలేదు.

*

ఇక మా అమ్మ అనుమానం సంగతి.

ఫిబ్రవరి నుంచీ వదిన రోజూ మధ్యాహ్నం రెండింటికి గుడ్డసంచి భుజాన వేసుకుని రాజమండ్రి టౌను బస్సు ఎక్కేది. కుట్టు క్లాసని చెప్పింది. అయిదున్నరకి వచ్చి పొయ్యి ముట్టించేది. రెండు నెలలైనా ఒక్క జాకెట్టు కుట్టింది లేదు. మూడు గజాల నీలం గుడ్డ మాత్రం ఒకసారి కొని తెచ్చి తన పెట్టెలో పెట్టుకుంది. అడిగితే నీళ్ళు నమిలింది.

మార్చిలో ఒకరోజు అమ్మ నన్ను పెరట్లోకి లాగింది.

“దాని చేతులు చూశావా?”

“ఏమైంది?”

“గాజుల్లేవే! కుడిచేతికి ఎప్పుడో తీసేసింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఇవాళ ఎడంచేతికీ లేవు. మొగుడు నిక్షేపంలా ఉండగా బోసిచేతులేంటే?”

నాకు వెంటనే అర్థమైంది, అమ్మ ఏమనుకుంటోందో. మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో గాజులు తీసెయ్యడమంటే ఒకటే అర్థం. మాది లూథరన్ సంఘం. చంటిపిల్లలకి నీళ్ళు చిలకరించి బాప్తీస్మం ఇచ్చేస్తారు. నగా నట్రా పెట్టుకోవడానికి అడ్డం లేదు. పెంతెకోస్తు సభల్లో చేరినవాళ్ళు మాత్రం నగలన్నీ తీసేసి, తెల్లచీర కట్టుకుని, కాలవలో నిలువునా మునిగి మళ్ళీ బాప్తీస్మం తీసుకుంటారు. ఎవరి భక్తి వారిది. మా నాన్న యెహెజ్కేలు రిటైరైన మేష్టారే కాదు, సంఘపెద్ద కూడా. ఆయన కోడలే మన బాప్తీస్మం చెల్లదని పోయి మునిగిందంటే, ఆదివారం గుడిలో ముందు బెంచీ మీద ఆయన ఎలా కూర్చుంటాడు? అమ్మ బెంగ అది.

“అడిగెయ్యచ్చు కదమ్మా” అన్నాను.

“అడిగితే చెబుతుందా? చేతులు కిరసనాయిలుతో కడుగుతోంది. ప్రార్థనలో కళ్ళు మూస్తే ఆమెన్ అన్నాక కూడా తెరవట్లేదు. నువ్వు కాస్త కనిపెట్టి చూడు. నీ కంటికి చిక్కనిది లేదు కదా.”

కళ్ళు మూసిన వదిన ఆమెన్ తర్వాత కూడా తెరవకపోవడం నేనూ చూశాను. కునుకుపాట్లని నాకు తట్టలేదు. అనుమానపు కళ్ళద్దాలు పెట్టుకున్నవాళ్ళకి అలాంటివి తట్టవు.

ఏప్రిల్ రెండో వారంలో వదిన తల తడుపుకుని ఇంటికొచ్చింది. జుట్టు చివర్లనుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎండకి తాళలేక కుళాయి కింద తల పెట్టానంది. అమ్మ నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే.

“పదిహేనో తారీకున కాలవలు కట్టేస్తున్నారు” అంది వంటింట్లోకి వెళ్ళాక, గొంతు తగ్గించి. “కట్టేసేలోపు బాప్తీస్మాలన్నీ కానిచ్చేసుకుంటారంట. పక్కింటి ఏసమ్మ చెప్పింది. అయిపోయిందే, దీన్ని ముంచేశారు.”

ఇప్పుడు నవ్వొస్తోంది గానీ ఆ రోజు నేనూ నమ్మాను.

*

పదిహేనో తారీకున, కాలవల్లోకి నీళ్ళు వదిలే హెడ్‌స్లూయిసు తలుపులు దించేశారు. మా దగ్గర ఏటా జరిగేదే. వేసవిలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు, జూన్‌లో మళ్ళీ వదులుతారు. రెండు రోజుల్లో కాలవ అడుగు బయటపడి, బురద ఎండి, అక్కడక్కడ గుంటల్లో మిగిలిన నీళ్ళలో జనం చేపలు పట్టుకుంటున్నారు. నేనూ వదినా కూరలకి వెళ్ళి వస్తూ వంతెన మీద ఆగాం. వదిన కమ్మీ పట్టుకుని కిందకి చూస్తూ ఉండిపోయింది.

“నీళ్ళేవి వినీలా?”

“కట్టేశారుగా.”

“మొత్తానికా? బొట్టు లేకుండానా? ఎన్నాళ్ళు?”

“జూన్ దాకా. నీకు తెలీదా?”

“నాకెట్టా తెలుస్తుంది? నేనొచ్చిన కాడినుంచీ నిండుగానే చూశాను. నాకెవ్వరూ చెప్పలేదు.” ఆమె మొహం పాలిపోయింది. “మే నెల్లో ఒక్కరోజు కూడా ఉండవా నీళ్ళు?”

కాలవ ఎండితే ఈమెకేం పోయింది? ఇంకా ఎవరెవరో మునగవలసినవాళ్ళు మిగిలిపోయారేమో అనుకున్నాను. ఇంటికి రాగానే అమ్మకి చెప్పాను కూడా. ఆ పని ఎందుకు చేశానా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను తిట్టుకున్నాను.

ఇరవై అయిదున మే సంచిక వచ్చింది. ‘మే నెల మిట్టమధ్యాహ్నం’ అని మొదటి పేజీ. తుప్పురాయుడు తరుముకొస్తుంటే వరద ఊరంతా పరుగెత్తి, చివరికి నిండుగా పారుతున్న కాలవలో దూకి నీలిమెరుపై లేస్తాడు. రెండు పేజీల నిడివి బొమ్మ. నీళ్ళు ఎగిసిపడుతున్నాయి, గట్టు మీద గేదెలు బెదురుతున్నాయి, నీలం అంగరఖా గాలికి పరదాలా లేచింది. అంత మంచి బొమ్మ ఆ పుస్తకంలో అంతవరకూ రాలేదు. నేను మాత్రం పగలబడి నవ్వాను. మే నెలలో నిండు కాలవ! డెల్టాలో పుట్టిన పసిపిల్ల కూడా చెయ్యని తప్పు. దొంగ దొరికాడు.

అరఠావు నిండా రాశాను. కవరుకి జిగురు లేదు. కేకేస్తే వదినే నాలుగు అన్నం మెతుకులు తెచ్చి ఇచ్చింది.

“చాలా రాసినట్టున్నావే” అంది.

“ఈసారి వాళ్ళ పప్పులు ఉడకవు వదినా.”

మెతుకులు మెదిపి కవరు అంటించాను. వదిన గుమ్మం దగ్గరే నిలబడి కవరు మీద చిరునామా చదువుకుని, లోపలికి వెళ్ళిపోయింది.

*

మే మొదటి వారంలో అమ్మకి ఓపిక నశించింది. “ఈ శనివారం మీ అన్నయ్య వస్తాడు. ఆదివారం గుడి అయ్యాక తేల్చేస్తాను. మునిగినట్టు రుజువైతే వాళ్ళ నాన్నని పిలిపించి మెట్టకి పంపించేస్తాను. బుద్ధొచ్చాకే రావాలి. నువ్వు వెనకాలే వెళ్ళి, ఏ ఇంట్లోకి దూరుతోందో చూసిరా” అంది.

శుక్రవారం వదిన ఎక్కిన బస్సులోనే వెనక తలుపు నుంచి ఎక్కాను, తలమీంచి చున్నీ కప్పుకుని. రాజమండ్రి కోటిపల్లి బస్టాండులో దిగింది. వెనక సందుల్లో రెండు మలుపులు తిరిగి ఒక పాత పెంకుటింట్లోకి వెళ్ళింది. ప్రార్థన పాటలు వినపడతాయేమోనని చెవులు రిక్కించాను. అచ్చుయంత్రం చప్పుడు వినిపించింది. గుమ్మం పక్కన గోడకి ఆనించి, దారం కట్టి, ఇంకా మడతపెట్టని కాగితాల బొత్తులున్నాయి. పై కాగితం మీద తుప్పురాయుడు.

ఇంకో అడుగు ముందుకి వేశాను. తలుపు ఓరగా ఉంది. లోపల ఎవరో గట్టిగా చదువుతున్నారు.

“‘ఏ కాలవండీ అది? మా ఊళ్ళో కాలవలన్నీ ఏప్రిల్ పదిహేనుకే కట్టేశారు. ఇప్పుడు దూకితే తల పగలడమే తప్ప శక్తి రాదు. ఇది వేసినవారు డెల్టా మనుషులు కారు. ఎవరో మెట్ట మనిషి. లాకుల పక్కన పుట్టిన బుల్లియ్య గారు ఇలాంటి తప్పు చెయ్యరు. ఆయన పేరు వెనక ఒక దొంగ దాక్కున్నాడు. ఆ దొంగ పేరు వచ్చే సంచికలో మీరు వెయ్యకపోతే పాఠకులందరికీ నేనే రాస్తాను.’”

నా మాటలు. ఇంట్లో రాసినప్పుడు ఎంత ముచ్చటగా ఉన్నాయో, ఆ గదిలో వింటుంటే అంత చేదుగా ఉన్నాయి.

చదివినాయన ప్రెస్సు యజమాని సూర్యరాజు గారు. ఆయన ఎదురుగా నేల మీద, బొమ్మలు గీసే పలక ఒళ్ళో పెట్టుకుని మా వదిన. మోచేతుల దాకా నల్లసిరా. ఎదురుగా కుండకి నీలం గుడ్డ కప్పి ఉంది, నీలిమెరుపు అంగరఖా మడతలు చూసి వెయ్యడానికి. కిటికీ పక్క పడక్కుర్చీలో ఒక పెద్దాయన. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు.

“చూశారా బుల్లియ్య గారూ” అన్నారు సూర్యరాజు గారు. “ఒకరు పట్టేశారంటే రేపు పదిమంది పడతారు. మీకు పక్షవాతం వచ్చిందనీ, వేరేవాళ్ళు వేస్తున్నారనీ ఊరంతా పాకిపోద్ది. ఇక్కడితో ఆపేద్దామండి. అమ్మాయీ, నీ పనితనానికి వంక లేదు. కానీ...”

“ఆయ్, ఆ వారం నాకు జ్వరమండి. నేను చూసుంటే ఆ కాలవ పోనిచ్చేవాణ్ణి కాదు” అన్నారు బుల్లియ్య గారు. మాట ఒక పక్కకి లాగుతోంది. “ఆ రాసిన పిల్లకి కళ్ళున్నాయండి.”

“తప్పు నాదేనండి” అంది వదిన. “మా వినీల రాసింది నిజమే.”

“మీ వినీలేంటమ్మా?”

“మా ఆడపడుచండి. పక్క గదిలోనే కూర్చుని రాసింది. కవరుకి మెతుకులు నేనే ఇచ్చాను.”

“నీ మీద రాసిందని తెలిసే ఇచ్చావా?”

“దొంగన్న మాటొకటి తెలీదండి. తప్పులు రాసుంటుందని తెలుసు. ఆ పిల్ల పాత పుస్తకాలు తిరగేసే నేను ఇట్టా గియ్యడం నేర్చుకున్నాను, ఆ బొమ్మలు పట్టుకునే మీ దగ్గరికి పని అడగడానికి వచ్చాను. మెరుపు చుట్టూ నలుపు వెయ్యాలని చెప్పింది కూడా ఆ పిల్లే. ప్రతి నెలా అందరికంటే ముందు ఆమె ఏం రాస్తుందోనని చూసేదాన్ని. అన్నం తింటూ పుస్తకం తిప్పుతుంటే, ఏ పేజీ దగ్గర ఆగుతుందా అని చూసేదాన్ని.” సిరా చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. “మానెయ్యమంటే మానేస్తానండి. ఈ పేజీ మాత్రం పూర్తి చెయ్యనియ్యండి.”

నేను ఇంక గుమ్మం బయట నిలబడలేకపోయాను. లోపలికి ఎలా వెళ్ళానో తెలీదు. వదిన నన్ను చూసి లేవబోయి సిరాబుడ్డి తన్నేసింది.

“ఆ ఉత్తరం చింపెయ్యండి” అన్నాను. “నేను ఎవరికీ రాయను.”

సూర్యరాజు గారు వదిన వైపు చూశారు, వదిన నేలవైపు చూసింది. బుల్లియ్య గారు మాత్రం నన్ను ఎగాదిగా చూసి నవ్వారు.

“గుత్తివంకాయ పిడికిలి అన్నది నువ్వేనా అమ్మా?”

“నేనేనండి.”

“మూడు రోజులు అన్నం సయించలేదమ్మా నాకు.” నవ్వు ఆపి, ఎడంచేత్తో కుడిచేతిని సవరించుకున్నారు. “ఈ చెయ్యి మళ్ళీ లేస్తుందో లేదో తెలీదు. అచ్చులో పేరుంటే ఇంకా పనిలో ఉన్నట్టే ఉంటాదమ్మా. ఇంకొన్నాళ్ళు ఉండనీ. నోరు జారనని ఈ అమ్మాయి నాకు బైబిలు మీద మాటిచ్చింది. నువ్వు కూడా ఇవ్వు.”

ఇచ్చాను. సూర్యరాజు గారు ఉత్తరాన్ని రెండుగా చింపి, “మళ్ళీ ఎవరైనా పట్టుకుంటే మాత్రం ఆపేస్తానండి” అన్నారు.

తిరుగు బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ధవళేశ్వరంలో దిగేముందు, “గాజులెందుకు తీసేశావు?” అని అడిగాను.

“తడి సిరా మీద పడి గీత చెరిపేస్తన్నాయి” అంది.

*

ఆదివారం గుడి నుంచి రాగానే అమ్మ వీధి తలుపు వేసేసింది. నాన్న బైబిలు బల్ల మీద పెట్టి కూర్చున్నారు. అన్నయ్య మంచం పట్టె మీద కూర్చుని వదిన బోసిచేతుల్నే చూస్తున్నాడు.

“సలోమీ” అన్నారు నాన్న, బళ్ళో పిల్లల్ని అడిగినట్టు మెల్లగా. “మేము నిన్నేమీ అనం. నీళ్ళలో మునిగావా అమ్మా?”

“లేదు మావయ్య గారూ.”

“మరి రోజూ ఎక్కడికి వెళ్తున్నావు?”

వదిన పెదవి కదిలింది. “మాటిచ్చాను మావయ్య గారూ. చెప్పకూడదు.”

“విన్నారా!” అంది అమ్మ. “బట్టలు సర్దుకో. మీ నాన్నకి కబురు పెడతాను.”

“నాక్కూడా చెప్పవా?” అన్నాడు అన్నయ్య. కోపం కాదు, ఏడుపులాంటి గొంతు.

వదిన తలెత్తి నా వైపు కూడా చూడలేదు. అదే నన్ను కోసేసింది. ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది. నేను నిజం చెబితే వదిన ఈ ఇంట్లో ఉంటుంది, ఆ పలక ముందు ఉండదు. దయ్యాల బొమ్మలని అమ్మ పేరు పెట్టిన పుస్తకానికి సంఘపెద్ద కోడలు బొమ్మలు వెయ్యడమా? పైగా అక్కడ ఆ పెద్దాయన పేరు పోతుంది. నేను ఊరుకుంటే వదిన మెట్టకి పోతుంది. మా అమ్మకి అబద్ధం చెప్పడం నాకు అంతవరకూ అవసరపడలేదు. నేరాలు చెప్పడమే నా పని.

“కుట్టు క్లాసుకే వెళ్తోందమ్మా. నేను చూశాను” అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

“నీ కళ్ళతో చూశావా?”

“గుమ్మంలో నిలబడి చూశాను. కోటిపల్లి బస్టాండు వెనక. గాజులు మిషను చక్రానికి తగులుతున్నాయని తీయించేశారు. చేతులకి మిషను నూనె అంటుతుంది, అందుకే కిరసనాయిలు.”

“మరి మాటిచ్చానంటదేంటి?”

ఇక్కడ ఒక్క క్షణం తడబడ్డాను. అప్పుడు వదిన సంచిలో నుంచి తొంగిచూస్తున్న నీలం గుడ్డ కనిపించింది. ఎందుకు తెచ్చిందో, మానెయ్యమంటారేమోనని సర్దుకుని వచ్చేసిందో ఏమో. లాగి తీసి విప్పాను.

“ఇదిగో. గుళ్ళో పాస్టరు అయ్యగారి గదికి పరదా. నాన్నకి ముందే తెలియకూడదని అక్కడ అందరూ ఒకరికొకరు మాటిచ్చుకున్నారు.”

నీలిమెరుపు అంగరఖాని నాన్న రెండు చేతులా పట్టుకుని వెలుగులో చూశారు. ఆయన కళ్ళు చెమర్చాయి. అమ్మ ఇంకా నమ్మలేదు, నా మొహంలోకే చూస్తోంది.

“నిజమేనటే?”

“నేను ఎప్పుడైనా ఎవరినైనా ఊరికే వదిలేశానా అమ్మా?”

దాంతో అమ్మ మెత్తబడింది. అనుమానించడంలో నాకున్న పేరు అంతటిది. వదిన అంచు మడిచి కుట్టాక ఆ పరదా ఏళ్ళ తరబడి గుళ్ళో వేలాడింది. దాన్ని చూసినప్పుడల్లా నేను ప్రార్థన మీద మనసు పెట్టలేకపోయేదాన్ని. ఆ రాత్రి అన్నయ్యకి వదిన నిజం చెప్పిందనే నా అనుమానం, ఎందుకంటే సోమవారం హేచరీకి వెళ్తూ వాడు నా దగ్గర పాత సంచికలు నాలుగు అడిగి పట్టుకెళ్ళాడు.

*

జూన్ సంచికలో నీలిమెరుపుకి నీళ్ళు లేవు.

కథ వదినే మార్చింది, సూర్యరాజు గారిని బుల్లియ్య గారు ఒప్పించారు. కాలవలు కట్టేశారు. తుప్పురాయుడు దానికోసమే కాసుకుని కూర్చున్నాడు. శక్తి లేని వరద ఎండిన కాలవ అడుగున, బీటలు వారిన మట్టి మీద, ఒట్టి లైన్‌మానుగా వాడిని ఎదుర్కొంటాడు. భయపడతాడు. వీరుడు భయపడటం ఆ పుస్తకంలో నేనెప్పుడూ చూడలేదు. వదిన వాడి చేతుల్లో భయం పెట్టింది. నేను వంటింటి గడప మీద కూర్చుని చదువుతూ, ఎదురుగా వంకాయలు తరుగుతున్న మనిషిని చూడటానికి మొహమాటపడ్డాను.

మర్నాడు ఉత్తరం రాశాను. అంత పొగడ్త నేను జన్మలో రాయలేదు. బుల్లియ్య గారి చెయ్యి తిరిగి జోరందుకుందని, నా పాత అనుమానాలు తప్పని, ఈ సంచికలో ఒక్క పొరపాటు కూడా లేదని, పాఠకుల తరఫున వందనాలని. మడిచి వదిన చేతిలో పెట్టాను. ఎలాగూ ప్రెస్సుకే వెళ్తోంది.

వదిన తడిచెయ్యి చీరకి తుడుచుకుని నిలబడే చదివింది. చదువుతున్నకొద్దీ ఆమె మొహం వెలగడానికి బదులు వాడిపోయింది.

“ఇది వినీల రాయలేదు” అంది. “మా ఆడపడుచు రాసింది.”

“అదేంటి వదినా? నిజంగా బాగుంది!”

“పదకొండో పేజీ చూశావా?”

నేను ఉత్తరం తిరిగి తీసుకోబోయాను.

“వరద రెండు కాళ్ళకీ ఎడంచెప్పులే వేశాను. అచ్చయ్యాక చూసుకున్నాను. నువ్వు చూడలేదా?”

“...చూశాను.”

“మరి ఒక్క పొరపాటూ లేదని రాశావు.” ఆమె ఉత్తరం మడిచి నా ఒళ్ళో పెట్టింది. “ఇంట్లో నా తప్పులు వెతికేవాళ్ళే అందరూ. బొమ్మలో నా తప్పు చూసేదానివి నువ్వొక్కదానివి. నువ్వు కూడా మొహమాటపడితే నాకింకెవరున్నారు వినీలా?”

అమ్మ అటు వస్తున్న అలికిడైంది. వదిన మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది. నేను ఆ ఉత్తరాన్ని పొయ్యిలో వేసి, కొత్త ఠావు తెచ్చుకుని, ఆమె పక్కనే గోడకి చేరగిలి రాయడం మొదలుపెట్టాను.

‘అయ్యా, పదకొండో పేజీలో వరద రెండు కాళ్ళకీ ఎడంచెప్పులే తొడిగారు. బొమ్మ వేసినవారికి కుడి ఎడమలు తెలియవా?’

రెండో వాక్యం మరీ కటువుగా తోచి కొట్టెయ్యబోయాను. వదిన వంకాయ ముక్కలు వదిలేసి, తడిచేత్తో నా కలాన్ని పట్టుకుంది.

“ఉండనీ” అంది.